ముసలి జీపుకు కొత్త స్టీరింగు

జీపును మీరందరూ చూసే ఉంటారు. అడవి శాఖవారి జీపు, ఎన్నికల ప్రచారపు జీపు, ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద లోపల పట్టినంతమందినీ, పట్టనివాళ్ళను వెనకా వేసుకుని పోయే సర్వీసు జీపు... ఈ బండి పుట్టింది మాత్రం అమెరికాలో, అదీ యుద్ధం కోసం. 1941 నుంచి 1945 వరకు విలీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక 1947లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విలీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. మన రోడ్ల మీద జీపు వంశం అలా మొదలైంది.

ఆ తొలినాటి జీపులను ఇప్పటికీ ప్రాణంలా చూసుకునేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. సుమారు 1,100 కిలోల బరువు, 60 గుర్రాల శక్తిగల ఇంజను, నాలుగు చక్రాలకూ అందే లాగుడు. ఏ గుట్టనైనా ఎక్కుతుంది. కాని స్టీరింగు దగ్గరకు వచ్చేసరికి ఎంతటి డ్రైవరుకైనా చేతులు పీకుతాయి. పైగా బండి పాతబడేకొద్దీ స్టీరింగు ఎటు తిప్పినా కొంతసేపు బండి పలకదు. దీన్ని బాగుచేయడమెలా?

ముందుగా అసలు బండి ఎలా మలుపు తిరుగుతుందో చూద్దాం. మన దేవుడి రథం చక్రాలు ఎటూ తిరగవు. అందుకే వీధి మలుపులో చక్రాల కింద చెక్కముక్కలు వేసి, ఒరిపించి, నానా తంటాలు పడి రథాన్ని తిప్పుతారు. మోటారు బండిలో ముందు చక్రాలు రెండూ వాటి వాటి కీళ్ళ మీద తిరుగుతాయి. ఇందులో ఒక చమత్కారం ఉంది. రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరగకూడదు! మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడవాలి కదా. విలీస్ జీపులో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 203 సెంటీమీటర్లు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 124. లోపలి చక్రాలకు 4 మీటర్ల దూరంలో, వెనక ఇరుసుకు సూటిగా ఉన్న బిందువు చుట్టూ బండి తిరగాలంటే లోపలి ముందు చక్రం 27 డిగ్రీలు, బయటిది 21 డిగ్రీలు తిరగాలి. త్రికోణమితి వచ్చినవారు లెక్కకట్టి చూసుకోండి. మోటార్లు పుట్టకముందే, 1817లో, మ్యూనిక్ నగరంలో లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన గుర్రబ్బండ్ల కోసం ఈ ఏర్పాటు కనిపెట్టాడు. మరుసటి ఏడు లండన్‌లో అకెర్‌మాన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం పేటెంటు తీసుకున్నాయనకే మిగిలింది!

ఇప్పుడు జీపు కిందికి దూరుదాం. స్టీరింగు కడ్డీ కొసన ఇనుప పెట్టె ఉంటుంది. దానిలో మర చుట్టు వంటి గాడి, ఆ గాడిలో జారే రెండు మేకులు, వాటిని మోసే ఒక చేయి ఉంటాయి. మీరు స్టీరింగు తిప్పితే గాడి తిరుగుతుంది, మేకులు జరుగుతాయి, చేయి ఊగుతుంది. స్టీరింగు 14 డిగ్రీలు తిరిగితే బయటి చేయి 1 డిగ్రీ ఊగుతుందనుకోండి. మన బలం సుమారు 14 రెట్లు కావాలి. అయితే అలా కాదు, మేకులు గాడిలో రాసుకుంటూ పోవడం వల్ల ఘర్షణ తన వాటా తాను పుచ్చుకుంటుంది. ఆ ఘర్షణకు ఒక మంచిగుణం కూడా ఉందని ఒప్పుకోవాలి. రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ అంత సులువుగా డ్రైవరు చేతిదాకా రాదు.

పెట్టె నుంచి బయలుదేరిన కడ్డీ ముందు ఇరుసు నడుమ ఉన్న ఇంకొక మలుపు చేతిని కదిలిస్తుంది. దాని నుంచి ఒక పొట్టి కడ్డీ ఒక చక్రానికి, ఒక పొడుగు కడ్డీ రెండో చక్రానికి పోతాయి. ఎన్ని కీళ్ళో చూశారా? ఒక్కొక్క కీలు వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి స్టీరింగు దగ్గరకు వచ్చేసరికి బారెడవుతుంది. మెకానిక్కులు దీన్నే ‘ప్లే’ అంటారు.

ఈ ప్లే ఎంత ప్రమాదమో లెక్క చూడండి. స్టీరింగు చక్రం చుట్టుకొలత సుమారు 135 సెంటీమీటర్లు. అందులో 10 సెంటీమీటర్లు వట్టిగా తిరిగితే 27 డిగ్రీలు వృథా అన్నమాట. ఆ వట్టి తిరుగుడుకు అర సెకను పట్టిందనుకుందాం. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ అర సెకనులో 7 మీటర్లు డ్రైవరు మాట వినకుండానే పోతుంది. ఘాట్ రోడ్డు మలుపులో 7 మీటర్లంటే రోడ్డుకూ లోయకూ మధ్య ఉన్న తేడా.

మరి పెట్టెలో ఉన్న మర బిగిస్తే సరిపోదా? సరిపోదు. బండి ఎక్కువ కాలం నడిచేది తిన్నగానే కనుక గాడి నడుమ భాగమే ఎక్కువ అరుగుతుంది. నడుమ వదులు పోయేలా బిగిస్తే అరగని కొసల దగ్గర పట్టేస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగు వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం వదులుకన్నా భయంకరం.

అందుకే చాలామంది పాత పెట్టె తీసేసి కొత్తరకం పెట్టె వేస్తారు. జీపు కంపెనీయే 1972లో తన సి.జె. జీపులకు ఈ మార్పు చేసింది. కొత్త పెట్టెలో మరకూ, దాని మీద నడిచే నట్టుకూ మధ్య ఉక్కు గోళీల వరస ఉంటుంది. మరలో సగం గాడి, నట్టులో సగం గాడి, రెండూ కలిసి గుండ్రటి సొరంగం. గోళీలు అందులో దొర్లుతూ ఒక కొసకు చేరి, పక్కనున్న గొట్టంలోంచి మళ్ళీ మొదటికి వస్తాయి. మేజా మీద బరువైన పుస్తకాన్ని తోసి చూడండి. దాని కింద పది గోళీలు పెట్టి మళ్ళీ తోయండి. రాసుకోవడానికీ దొర్లడానికీ ఉన్న తేడా మీ వేలికే తెలుస్తుంది.

దీనికి నూనె పీడనం తోడైతే పవర్ స్టీరింగు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926 నాటికే దీన్ని ఒక కారుకు అమర్చి నడిపి చూపాడు. కాని ఖరీదెక్కువని కార్ల కంపెనీలు వెనకాడాయి. ఆయన పేటెంట్ల గడువు తీరాక, 1951లో క్రైస్లర్ కంపెనీ మొదటిసారి దీన్ని బజారులోకి తెచ్చింది.

ఇంజను బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది. స్టీరింగు కడ్డీకీ మరకూ మధ్య సన్నటి ఉక్కు ఊచ ఉంటుంది. చక్రాలు మొండికేస్తే ఊచ కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలికతో కవాటం తెరుచుకుని నూనె ఒకవైపు దూరుతుంది. గోళీల నట్టే పిస్టనుగా పనిచేస్తుంది. పిస్టను వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు, పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు అనుకుంటే తోపుడు 2,800 కిలోలు! మీరు తిప్పడం ఆపగానే ఊచ తన మెలిక విప్పుకుంటుంది, కవాటం మూసుకుంటుంది. బెల్టు తెగినా, నూనె కారిపోయినా ఊచ ద్వారా పాత ఇనుప సంబంధం అలాగే ఉంటుంది. స్టీరింగు బరువవుతుందే తప్ప తెగిపోదు.

వెడల్పు టైర్లు వేసినవారికి పవర్ స్టీరింగు నిజంగా వరమే. కాని కీళ్ళు అరిగిన బండికి దీన్ని తగిలించడం నాకు సుతరామూ నచ్చదు. పంటి నొప్పికి రంగు పూసినట్టుంటుంది. బరువు పోతుంది, ప్లే పోదు. డ్రైవరుకు మాత్రం బండి బాగుపడిందనే భ్రమ కలుగుతుంది. ముందు కీళ్ళు మార్చాలి, నడిమి చేతిని తీసేసి రెండు చక్రాలనూ ఒకే పొడుగు కడ్డీతో కలపాలి. నూనె సంగతి ఆ తరవాత.

పెట్టె ఎక్కడ బిగించాలనేదీ లెక్కే. కొత్త పెట్టెను సాధారణంగా ఫ్రేము ముందు కొసన పెడతారు. దాని నుంచి కడ్డీ అడ్డంగా చక్రం వైపు పోతుంది. పెట్టె ఫ్రేము మీద, చక్రాలు స్ప్రింగుల మీద! గుంటలో పడినప్పుడు ఇరుసు లేస్తుంది. కడ్డీ కొస ఒక చాపం గీస్తుంది. 80 సెంటీమీటర్ల కడ్డీ నేలకు సమాంతరంగా ఉంటే, ఇరుసు 5 సెంటీమీటర్లు లేచినప్పుడు కొస పక్కకు జరిగేది ఒకటిన్నర మిల్లీమీటరు. అదే కడ్డీ ఏటవాలుగా, రెండో కొస 20 సెంటీమీటర్లు కిందికి ఉంటే? అదే గుంటకు 11 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే డ్రైవరు కదలకుండా కూర్చున్నా గుంట స్టీరింగు తిప్పేస్తుంది. పైథాగరస్ సిద్ధాంతంతో రెండు లెక్కలూ చేసి చూడండి. స్ప్రింగులు పెంచి జీపును ఎత్తుగా చేసుకునేవారు ఈ సంగతి తరచు మరిచిపోతారు.

ఇంకొకటి. 2,800 కిలోల బలంతో పిస్టను ఒకవైపు తోస్తే, అంతకు తగ్గ ఎదురుతోపుడు ఫ్రేము మీద పడుతుంది. న్యూటన్ మూడవ నియమం! చేతిబలానికని చేసిన పాత రేకు ఫ్రేము బోల్టుల దగ్గర పగులుతుంది. అందుకని ఆ చోట మందపు పలక వేసి, రెండో పట్టాకు కూడా ఊతకడ్డీ కట్టాలి. స్టీరింగు చేతులను మాత్రం వెల్డింగు చేయకూడదు, కాల్చి వంచకూడదు. అవి కొలిమిలో పదును పెట్టిన ఉక్కు. మళ్ళీ కాలిస్తే పదును పోతుంది, పోయినట్టు పైకి కనిపించదు.

1988లో జపాన్‌లో సుజుకి కంపెనీ నూనె బదులు కరెంటు మోటారుతో స్టీరింగుకు సాయం చేసే కారు తెచ్చింది. ఇప్పుడు చాలా కార్లలో అదే. పాడైన కార్ల నుంచి ఆ మోటారు తీసి పాత జీపు స్టీరింగు కడ్డీకి అమర్చేవారూ ఉన్నారు. పంపు లేదు, గొట్టాలు లేవు, ఇంజను మీద ఎడతెగని భారం లేదు. అయినా కింద కీళ్ళ లెక్క మారదు.

మీ ఊళ్ళో పాత జీపుంటే మెకానిక్కునో డ్రైవరునో అడిగి ఈ పరీక్ష చేయండి. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు వేయించి, ఆయన్ను స్టీరింగు అటూ ఇటూ కొంచెం కదపమనండి. మీరు పక్కన కూర్చుని కడ్డీలను గమనించండి. ఒక కీలులో ఒకవైపు కదిలి రెండోవైపు కదలకపోతే ప్లే ఉన్నది అక్కడే. స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ కొలత ఆయనకు కూడా చూపించండి.