స్టేషన్ మాస్టర్ శిక్షణ: భాషావినియోగ పరిశీలన

వ్యాససంగ్రహం:
రైళ్ల రాకపోకలను సమన్వయించే ఉద్యోగానికి ఇచ్చే శిక్షణలో యంత్రపరిజ్ఞానంతోపాటు మాటను కచ్చితంగా వాడే అభ్యాసం కూడా ఉంది. భారతీయ రైల్వే స్టేషన్ మాస్టర్ల శిక్షణను, 'లైన్ క్లియర్' విధానాన్ని, 2019 నాటి ఒక ఘటనను ఆధారంగా చేసుకొని ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రైల్వే, స్టేషన్ మాస్టర్, శిక్షణ, లైన్ క్లియర్, వృత్తిభాష.

1. ప్రవేశిక:
బండిని నడిపేది లోకో పైలట్. అది ఎప్పుడు కదలాలో, ఏ లైనులోకి రావాలో చూసేది స్టేషన్ మాస్టర్. సెక్షన్ మొత్తంలో ఏ బండి ముందు పోవాలో సెక్షన్ కంట్రోలర్ నిర్ణయిస్తారు. వీరి మధ్య పని ఎక్కువగా ఫోనులో, మాటల మీదనే సాగుతుంది.

2. ఎంపిక - శిక్షణ:
ఈ ఉద్యోగానికి డిగ్రీ అర్హత. రైల్వే నియామక మండలి నిర్వహించే రెండు దశల కంప్యూటర్ పరీక్షలను తెలుగులోనూ రాయవచ్చు. తరువాత ఆప్టిట్యూడ్ పరీక్ష, వైద్యపరీక్ష ఉంటాయి. దక్షిణ మధ్య రైల్వేకు మౌలాలిలో శిక్షణ సంస్థ ఉంది. తరగతి పాఠాల తరువాత స్టేషన్‌లో ప్రత్యక్షంగా పని నేర్చుకోవాలి. సామర్థ్య ధ్రువపత్రం పొందాలి. నియమితులైన స్టేషన్ పనినియమాలను చదివి, అర్థమైనట్లు సంతకం చేసిన తరువాతే స్వతంత్రంగా బాధ్యత చేపట్టాలి.

3. 'లైన్ క్లియర్' - మాటకు హామీ:
ఒక స్టేషన్ నుంచి బండిని పంపాలంటే ముందు స్టేషన్ అనుమతి కావాలి. అదే లైన్ క్లియర్. దీనిని ఇచ్చే ముందు, అంతకుముందు బండి పూర్తిగా వచ్చిందో లేదో, దాని వెనుక సిగ్నళ్లను తిరిగి ప్రమాదస్థితికి మార్చారో లేదో చూడాలి. బహువర్ణ సిగ్నళ్లున్నచోట మొదటి స్టాప్ సిగ్నల్ దాటి 180 మీటర్ల వరకు లైను ఖాళీగా ఉండాలి.

ప్లాట్‌ఫారం మీది ప్రయాణికులు దూరాన ఇంజను కనబడగానే "బండి వచ్చేసింది" అంటారు. స్టేషన్ మాస్టర్ ఆ మాట అనాలంటే చివరి పెట్టె వెనుక ఉండే 'ఎల్.వి.' గుర్తు కనబడాలి. నిత్యవ్యవహారంలోని క్రియకు శిక్షణ ఈ విధంగా కొత్త హద్దు గీస్తుంది. మాటతో ఇచ్చిన హామీకి రుజువుగా ప్రైవేట్ నంబరు చెబుతారు. దానిని రెండు చోట్లా నమోదు చేస్తారు. పలకడమే పని చేయడం అవుతుందని తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ చెప్పిన వాక్కర్మకు ఇది చక్కని ఉదాహరణ.

4. మదురై ఘటన:
2019 మే నెలలో మదురై డివిజన్‌లోని తిరుమంగళం, కల్లిగుడి స్టేషన్ల మధ్య రెండు బండ్లు ఒకే లైనులో ఎదురెదురుగా బయలుదేరాయి. సకాలంలో ఆపడంతో ప్రమాదం తప్పింది. స్టేషన్ మాస్టర్ల మధ్య భాష సరిగా అర్థం కాకపోవడం ఇందుకు కారణమని వార్తలు వెలువడ్డాయి. జూన్‌లో దక్షిణ రైల్వే అధికారులు ఇంగ్లీషు లేదా హిందీలోనే మాట్లాడాలని సర్క్యులర్ ఇచ్చి, నిరసనల తరువాత ఉపసంహరించుకున్నారు.

చర్చ ఏ భాష అన్నదాని చుట్టూ తిరిగింది. ఇద్దరికీ ఒకే అర్థమిచ్చే స్థిరవాక్యాలు ఉన్నాయా, విన్నవారు తిరిగి చెప్పారా అన్న ప్రశ్న వెనుకబడింది.

5. ముగింపు:
తెలుగు స్టేషన్ మాస్టర్ తమిళనాడులో, హిందీ స్టేషన్ మాస్టర్ ఆంధ్రప్రదేశ్‌లో పనిచేయవలసి రావచ్చు. వారి మాట విని పనిచేసే పాయింట్స్‌మన్, గేట్‌మన్‌లలో స్థానికభాష మాత్రమే తెలిసినవారు ఉండవచ్చు. కాబట్టి భద్రతకు సంబంధించిన కొద్దిపాటి వాక్యాలను ద్విభాషలలో స్థిరపరచి శిక్షణలో చేర్చడం అవసరం. ఈ పనిలో విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు రైల్వే శిక్షణ సంస్థలతో చేతులు కలపవచ్చు. వృత్తిపదకోశాలు కూర్చిన అనుభవం తెలుగు పరిశోధనకు ఉంది. ఇక్కడ ఒక్క పదం స్పష్టతపై ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.