కుండీ మార్చునప్పుడు వేరును చూడుడు

శ్రీ సత్యసాయి జిల్లాలోని గాండ్లపెంట వంటి మెట్ట ప్రాంతములలో ఇంటి ముంగిట పాత నూనెడబ్బాలో కరివేపాకు, మట్టికుండీలో మల్లె పెంచుకొనుట వాడుక. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడును. అందుచే ఇచట మొక్కకు పోయు ప్రతి చెంబెడు నీటికిని విలువ కలదు.

అయినను కొన్ని మొక్కలు ఉదయము నీరు పోసినను మధ్యాహ్నమునకే వాడును. లోపము నీటిలో లేదు, వేళ్లలో నున్నది. చోటు చాలక వేళ్లు కుండీ గోడవెంట చుట్టలు చుట్టుకొని మట్టిని నెట్టివేయును. పోసిన నీరు నిలువక అడుగు రంధ్రమునుండి వెంటనే కారిపోవును. ఆ రంధ్రమునుండి వేళ్లు వెలికి వచ్చినచో కుండీ మార్చు సమయము వచ్చినదని గ్రహింపవలెను.

తొలకరి జల్లులు పడి ఎండ తగ్గిన దినములు ఈ పనికి అనుకూలము. క్రొత్త కుండీ పాతదానికంటె రెండు, మూడు అంగుళములు వెడల్పుగా నున్న చాలును. మిక్కిలి పెద్దదైనచో వేళ్లు అందుకొనలేని మట్టిలో తేమ నిలిచి, వేరు కుళ్లును. అడుగు రంధ్రముపై పెంకు ముక్కను బోర్లించి, ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపవలెను. పచ్చి పేడ వాడరాదు. అది వేళ్లను మాడ్చును, చెదలను రప్పించును.

ముందునాటి సాయంకాలము మొక్కకు నీరు పోయవలెను. మరునాడు ప్రొద్దు వాలిన పిదప, కాండమును పట్టి లాగక, కుండీని వంచి మట్టిగడ్డతో సహా మెల్లగా తీయవలెను. చుట్టుకొన్న వేళ్లను వ్రేళ్లతో విడదీయవలెను. అవి గట్టిపడి యున్నచో శుభ్రమైన కత్తితో గడ్డ ప్రక్కలందు మూడు, నాలుగు చోట్ల నిలువుగా చిన్న గాట్లు పెట్టవలెను. పూర్వమున్న లోతుననే నాటి, నీరు పోయుటకు పైన అంగుళము ఖాళీ విడువవలెను. అంటుమొక్కయైనచో అంటు కట్టిన చోటు మట్టిలో కప్పబడరాదు. పిదప నిండుగ నీరు పోసి, వారము పది దినములు నీడన ఉంచవలెను.

ఇదే కదిరి ప్రాంతమున తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దింపి, సుమారు 5 ఎకరములు విస్తరించి, 1989లో గిన్నిస్ రికార్డుల కెక్కినది. అదే జాతి మర్రిని చిన్న తొట్టిలో నుంచి వేళ్లు కత్తిరించుచుండిన, మూరెడు మొక్కగానే నిలుచును. వేరుకు దొరకిన చోటే చెట్టునకు బలము.

నర్సరీ సంచిలోని మామిడి, చింత మొక్కలను పొలమున నాటునప్పుడును ఈ జాగ్రత్త తప్పదు. సంచిని చింపి తీసివేసి, చుట్టలను విడదీసి నాటుడు. చుట్టలతోనే నాటిన మొక్క కొన్నియేండ్లు పచ్చగా కనిపించినను, వేరు లోతునకు దిగక కరవు కాలమున ఎండిపోవచ్చును, పెనుగాలికి ఒరగిపోవచ్చును. ఒక్క నిమిషము వేరును చూచుట వలన ఏండ్ల శ్రమ దక్కును.