పాత కంప్యూటరు పాఠములు – ఎమ్యులేటరు

1984లో మన దేశపు పాఠశాలలలో 'క్లాస్' అను కంప్యూటరు శిక్షణ పథకము ఆరంభమైనప్పుడు పిల్లల ముందుకు వచ్చినది బ్రిటనులో తయారైన బి.బి.సి. మైక్రో. దాని మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే! దాని ప్రోగ్రాములను నేటి కంప్యూటరు నేరుగా నడపజాలదు. 6502 ప్రాసెసరు భాష దానికి తెలియదు. ఇక్కడ ఎమ్యులేటరు అను ప్రోగ్రాము దుబాసీ వంటిది. ఒక్కొక్క ఆదేశమును చదివి, పాత యంత్రము చేయు పనినే తానును చేయును.

దుబాసీతో పోలిక ఇంతవరకే. ఎమ్యులేటరు వేగమును కూడ అనుకరింపవలెను. ఆ ప్రాసెసరు గడియారము సెకనుకు 20 లక్షల స్పందనలది. అంతకు మించి పరుగెత్తనిచ్చినచో ఆటలోని బొమ్మ కంటికి చిక్కదు. ఈ కాలపు పొంతన కుదుర్చుటయే కఠినమని మాకు తోచినది.

అయితే క్యాసెట్టులోని ప్రోగ్రామును ముందుగా ఫైలుగా ఎక్కించుకొనవలెను. టేపుపై అయస్కాంతపు పూత రాలిన పిమ్మట ఏ ఎమ్యులేటరును ఆ పాఠమును పలికింపలేదు.