జానెడు ఆయుధం

ఉద్దానం అన్న పేరుకు ఉద్యానవనమే మూలమని పెద్దలు చెబుతారు. పూండి స్టేషనులో రైలు దిగి వజ్రపుకొత్తూరు దిక్కుగా సాగే బాటసారికి ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు. ఒక వంక కొబ్బరి, మరొక వంక జీడిమామిడి, నడుమ పనస, వాటి ఆవల సముద్రం. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ తోటలను కూలదోసినది. రైతులు మరల మొక్కలు నాటుకున్నారు. ఇట్టి పచ్చని సీమలో చేతి తుపాకి ప్రస్తావన అసందర్భమని తోచవచ్చును. అయినా ఆ ప్రస్తావనకు ఇచ్చట కారణాలు లేకపోలేదు.

మొదటిది ఎలుగుబంటి. రెండవది రొక్కం. పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు వ్యాపారం తోటకూ కర్మాగారానికీ బజారుకూ నడుమ సొమ్ము తిరిగే వ్యాపారం. సొమ్ము తిరిగే చోట దొంగభయం సహజం. మూడవ కారణం కూడా ఉన్నది. మన బిడ్డలు అనేకులు అమెరికాలో స్థిరపడినారు. అక్కడ సగానికి పైగా రాష్ట్రాలలో లైసెన్సు లేకుండానే చేతి తుపాకిని దుస్తుల చాటున ధరించి తిరుగవచ్చును. 2022 జూన్ 23న ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇంటి బయట ఆయుధం ధరించడం కూడా రాజ్యాంగదత్తమైన హక్కేనని తీర్పు చెప్పినది. జేబులో ఇమిడే తుపాకులలో ఏది మేలైనదన్న చర్చ అక్కడ చేతి గడియారాలను గూర్చిన చర్చవలె సాగుతుంది. అదే ప్రశ్నను పూండి వీధిలో నిలిచి అడిగితే సమాధానం ఎట్లుంటుందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఎలుగుబంటి సంగతి. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగు దాడికి ఒకరు బలి అయినారు, మరికొందరు గాయపడినారు. అటవీ అధికారులకు పట్టుబడిన ఆ జంతువు కూడా విశాఖపట్నం చేరకుండానే చనిపోయినది. జీడితోటకు తెల్లవారుజామున ఒంటరిగా పోవలసిన రైతుకు మొలలో ఒక రివాల్వరు ఉంటే బాగుండునన్న తలపు కలగడంలో వింత లేదు. కాని ఆ తలపు నిలవదు. ఎలుగుకు చూపు మందం. పొదల నడుమ మనిషి హఠాత్తుగా ఎదురైనప్పుడు బెదిరి, నాలుగడుగుల దూరం నుండే మీదపడుతుంది. ఆయుధం పైకి తీసే వ్యవధి ఉండదు. తీసినా, మన దేశంలో పౌరునికి దొరికే చిన్న రివాల్వరు తూటా దట్టమైన బొచ్చునూ కండనూ దాటి ఆ దూకుడును అక్కడికక్కడే ఆపుతుందన్న నమ్మకం లేదు; గాయపడిన ఎలుగు మరింత ప్రమాదకరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనికి రక్షణ ఉన్నది. ప్రాణాపాయంలో సద్బుద్ధితో ఆత్మరక్షణ చేసుకున్నవానిని ఆ చట్టం శిక్షించదు గాని, వేటను ఒప్పదు. 1959 నాటి ఆయుధాల చట్టం సైతం పంట కాపుదలకు మందు దట్టించే నాటు తుపాకిని పేర్కొన్నదే గాని జేబు తుపాకిని కాదు. గుంపుగా పోవడం, చప్పుడు చేస్తూ నడవడం, చేత దీపం ఉంచుకోవడం, వీటికి మించిన రక్షణ తోటలో లేదు.

ఇక మిగిలినది మనిషి వలన కలిగే భయం. ఆ భయానికి విరుగుడుగా చిన్న తుపాకిని ఎంచదలచినవాడు మొదట అంగడిని కాక చట్టాన్ని చూడవలసి ఉంటుంది. ఇరువది ఒక్క ఏండ్లు నిండనివారికి చట్టం ఆయుధాన్ని నిరాకరిస్తుంది. జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు ఇవ్వడానికి ముందు పోలీసుల విచారణ జరుగుతుంది. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం దరఖాస్తుదారు భద్రతా శిక్షణ పొందవలసి ఉంటుంది. ఆయుధాన్ని ఇంట భద్రంగా దాచుతానన్న హామీ ఇవ్వవలసి ఉంటుంది. 2019 నాటి సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేండ్ల నుండి అయిదేండ్లకు పెంచినది. సైన్యమూ పోలీసులూ వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు సామాన్యునికి నిషిద్ధం. పౌరునికి ప్రధానంగా మిగిలేది .32 బోరు. కావున అమెరికాలో నూరు రకాలలో ఒకటి ఎంచుకోవడం వంటిది కాదు ఇక్కడి ఎంపిక. నాలుగైదు రకాలలో తన ఒంటికీ తన చేతికీ సరిపడేది ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న.

ఆ నాలుగైదింటిలో రెండింటి పేర్లు పత్రికలలో వినవచ్చినవి. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తరువాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అన్న రివాల్వరును స్త్రీల ఆత్మరక్షణకు అనువైనదిగా ప్రకటించి విడుదల చేసినది. టిటానియం మిశ్రలోహంతో చేసిన దీని బరువు సుమారు 500 గ్రాములు. పట్టేవి ఆరు తూటాలు. నాటి ధర సుమారు 1,22,000 రూపాయలు. 2023 ఆగస్టులో అదే కాన్పూరు నుండి ‘ప్రబల్’ వెలువడినది. దాని గొట్టం 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 177.6 మిల్లీమీటర్లు, అనగా జానెడు కన్న తక్కువ. తూటాలు లేకుండా దాదాపు 700 గ్రాములు తూగుతుంది. పాత రకాల వలె గొట్టాన్ని ముందుకు వంచి తెరవనక్కరలేకుండా, తూటాల చక్రం పక్కకు తెరుచుకోవడం దీని విశేషం. గురి 50 మీటర్ల వరకు అని తయారీదారులు చెప్పినారు.

ఈ అంకెలను చదివి సంతోషించే ముందు వాటి వెనుక ఉన్న బేరాన్ని గుర్తించాలి. తుపాకి ఎంత చిన్నదైతే అంత సులువుగా దాగుతుంది. అంత కష్టంగా గురి కుదురుతుంది. గొట్టం పొట్టిదైతే గురి చూసే రెండు గుర్తుల నడుమ దూరం తగ్గి, చేతిలోని చిన్న వణుకు లక్ష్యం వద్ద పెద్ద తప్పు అవుతుంది. తూటా వేగం తగ్గుతుంది. పిడి పొట్టిదైతే చిటికెనవేలికి ఆధారం ఉండదు. బరువు తగ్గేకొద్దీ పేలినప్పటి తాకిడి అరచేతికి ఎక్కువగా తెలుస్తుంది. అది తెలిసినవాడు రెండవసారి అభ్యాసానికి వెనుదీస్తాడు. 50 మీటర్లన్నది యంత్రం శక్తి. బెదిరిన మనిషి చేతిలో అది నాలుగైదు మీటర్ల ఆయుధం మాత్రమే.

రివాల్వరా, పిస్తోలా అన్నది తరువాతి ప్రశ్న. పిస్తోలు పలుచనిది, నడుము వద్ద ఉబ్బెత్తుగా కనిపించదు, తూటాలు ఎక్కువ పడతాయి. కాని దాని పైభాగాన్ని బలంగా వెనుకకు లాగి విడువనిదే తొలి తూటా గొట్టంలోనికి రాదు. పట్టు సడలితే మధ్యలో చిక్కుకుపోవడమూ కలదు. పిడిలోని తూటాల పెట్టెను తీసివేసిన తరువాత కూడా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చునన్న సంగతి మరచిన చేతులు ఎన్నో ప్రమాదాలకు కారణమైనవి. రివాల్వరు లావు, ఆరు తూటాలతో సరి. అయినా తెరిచి చూడగానే నిండి ఉన్నదో ఖాళీయో కంటికి తెలుస్తుంది. ఒక తూటా పేలకపోతే మీటను మరల నొక్కిన చాలును, చక్రం తిరిగి మరొకటి వస్తుంది. సుత్తిని ముందుగా లాగి ఉంచకపోతే మీట బరువుగా, చాలా దూరం కదులుతుంది. ఆ బరువే పొరపాటున పేలకుండా కొంత కాపు. ఏడాదికి రెండుమూడు మార్లు మాత్రమే అభ్యాసం చేయగల గృహస్థునికి రివాల్వరే తగినదని చెప్పవలసి ఉంటుంది. అయితే నేలమీద పడినా పేలని ఏర్పాటు దానిలో ఉన్నదో లేదో కొనకముందే విచారించాలి. పాత రకాలలో ఆ ఏర్పాటు లేనివి కలవు.

ఇంతవరకు చెప్పినది ఏ ఊరికైనా వర్తిస్తుంది. ఉద్దానానికి ప్రత్యేకమైనవి మరి రెండు పరీక్షలు. మొదటిది బట్ట. అమెరికావాడు చలికోటు తొడుగుతాడు, దిట్టమైన బెల్టు బిగిస్తాడు. మనవాడు వేసవిలో పలుచని చొక్కా, పంచెకట్టు, సాయంత్రమైతే లుంగీ. అర కిలో ఇనుమును మోసే నడికట్టు ఈ వేషంలో లేదు. 2016 నిబంధనలు చేతి తుపాకిని బహిరంగ ప్రదేశంలో ఒరలోగాని తగిన సంచిలోగాని ఉంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకోవాలని శాసిస్తున్నవి; పైకి తీసి ఝళిపించడం నిషిద్ధం. కావున చాటున ధరించడం ఇక్కడ కోరిక కాదు, విధి. ఒర లేకుండా జేబులో తాళంచెవులతో, చిల్లరతో కలిపి వేసుకున్న తుపాకి మీటకు ఏది తగులుతుందో చెప్పలేము. మీటను పూర్తిగా కప్పే గట్టి ఒర లేనిదే ఎంత మంచి రివాల్వరైనా ధరించరానిది. చేతిసంచి మరింత నమ్మరానిది. బస్సులో సీటు మీద, టీ దుకాణంలో బల్ల కింద సంచిని మరచిపోవడం ఎవరికి అనుభవం కాదు?

రెండవది ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో కిటికీ ఊచలు ఎట్లు తుప్పు తింటాయో అందరూ ఎరిగినదే. దానికి ఒంటి చెమట తోడైతే ఒంటిని అంటి ఉన్న ఉక్కు కొద్ది దినాలలోనే మచ్చ పడుతుంది. మిశ్రలోహపు చట్రం తట్టుకున్నా లోపలి స్ప్రింగులు, మరలు తట్టుకోవు. తేమ తగిలిన తూటా పేలుతుందో లేదో పేల్చినప్పుడు గాని తెలియదు. ప్రతిదినం ధరించేవాడు వారానికొకసారైనా విప్పి, తుడిచి, నూనె రాసి, తూటాలను పరీక్షించవలసినదే. పంపుసెట్టు కంటె ఎక్కువ శ్రద్ధ కోరే యంత్రమిది.

ఇన్ని పరీక్షలలో నెగ్గిన ఆయుధం కూడా కాలం పరీక్షలో ఓడిపోవచ్చును. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక సంగతిని లోకానికి తెలిపినాడు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకండులో దాటగలడు. శిక్షణ పొందిన పోలీసు ఒర నుండి తుపాకి తీసి పేల్చడానికి పట్టే కాలం కూడా దాదాపు అంతే. శిక్షణ లేని వ్యాపారి, చొక్కా కింది ఒర నుండి, మోటారు సైకిలు దిగుతూ, చీకటిలో తీయాలి. దొంగ చెప్పి రాడు. పెనుగులాటలో ఆయుధం దొంగ చేతికి పోవడం కూడా ఊహించవలసిన సంగతి.

పేల్చిన తరువాత కథ మరొకటి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత ఆత్మరక్షణ హక్కును మన్నిస్తుంది. అవసరానికి మించిన హానిని మన్నించదు. సంచి లాక్కొని పారిపోతున్నవాని వీపున పేల్చిన తూటాకు న్యాయస్థానంలో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. లైసెన్సులో రాసిన హద్దు మరొక చిక్కు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురం బజారుకు పోయేవాడు తన లైసెన్సు అక్కడ చెల్లుతుందో లేదో చూసుకోకపోతే రక్షణకు కొన్న ఆయుధమే నేరమవుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించమని ఉత్తర్వులు రావడం కూడా పరిపాటి.

అన్నిటికంటె పెద్ద పరీక్ష ఇల్లు. తుపాకి వీధిలో గడిపే కాలం కొన్ని గంటలు. ఇంట గడిపే కాలం ఏండ్ల తరబడి. ఆ ఇంట పిల్లలుంటారు, కోపతాపాలుంటాయి, దిగులుంటుంది. మూత్రపిండాల వ్యాధితో, అప్పులతో నలిగిన కుటుంబాలు ఉద్దానంలో ఎన్నో. ఇంట తుపాకి ఉన్నచోట ఆత్మహత్యల ప్రమాదం పెరుగుతుందని అమెరికా వైద్య పరిశోధనలు నిరూపించినవి. ఒక నిమిషపు నిరాశ గడచిపోతుంది. చేతికందిన తుపాకి దానిని గడవనీయదు. వీధిలోని దొంగ ఏనాడు వస్తాడో తెలియదు, ఇంట్లోని ఈ ప్రమాదం మాత్రం నిత్యమూ ఉన్నదే. తాళం వేసిన ఇనుప పెట్టె లేని ఇంట దీనికి చోటు లేదు.

వ్యక్తుల చేతిలోని తుపాకి ఊరినంతటినీ ఏ దారిన నడిపించగలదో ఈ సీమకు తెలియనిది కాదు. 1967 అక్టోబరు 31న నాటి శ్రీకాకుళం జిల్లాలోని లేవిడి వద్ద భూస్వాముల పక్షంవారి కాల్పులలో కోరన్న, మంగన్న అన్న ఇద్దరు గిరిజనులు మరణించినారు. ఆ కాల్పుల దరిమిలా రగిలిన సాయుధ పోరాటం, దాని అణచివేత ఉద్దానపు పల్లెలను కూడా చుట్టుముట్టినవి. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయినవో నేటికీ పెద్దలు చెప్పుకుంటారు.

పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచినారు. విరాటుని కొలువులో పాచకుడుగా, నాట్యాచార్యుడుగా బ్రతకవలసిన వారికి గాండీవం, గద అడ్డమని వారెరుగుదురు. నిత్యజీవితం వేరు, ఆయుధజీవితం వేరు. ఆ రెండింటినీ ఒక్క చొక్కా కింద ఇమిడ్చే ప్రయత్నమే చాటుతుపాకి. బెదిరింపు నిజమై, దానిని పోలీసులకు రాతపూర్వకంగా తెలిపి, వేరు దారి లేక లైసెన్సు పొందిన మనిషికి .32 రివాల్వరు, మీటను కప్పే గట్టి ఒర, ఇంట ఇనుప పెట్టె, క్రమం తప్పని అభ్యాసం, ఈ నాలుగూ కలిసినప్పుడే అది ఆయుధం. వానిలో ఒకటి లోపించినా అది మోసేవానికే అపాయం. తక్కిన వ్యాపారులకు సొమ్మును బ్యాంకు ఖాతా మీదుగా పంపడం, వసూలుకు పగటివేళ ఇద్దరుగా పోవడం, రాకపోకల వేళను నలుగురికీ చాటకపోవడం మేలు. వీటికి లైసెన్సు అక్కరలేదు, తుప్పు పట్టదు, ఇంట్లో పిల్లల చేతికి చిక్కదు.