నిన్నటిదాకా ఈదిన చేప పొద్దున్నే ఎందుకు చనిపోయింది?

పొద్దున ఏడు గంటలు. స్కూల్ బస్సు వచ్చే వేళ. మీరు టిఫిన్ బాక్సు సర్దుతుంటే హాల్లోంచి పాప కేక. అక్వేరియంలోని క్లౌన్ ఫిష్ ఇసుక మీద ఒరిగిపోయి ఉంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా పుణ్యమా అని పిల్లలందరికీ ‘నీమో’గా తెలిసిన నారింజ రంగు చేప అది. రాత్రి మేత బాగానే తింది. ఒంటి మీద గాయం లేదు, మచ్చ లేదు. పాప అడిగే మొదటి ప్రశ్న “ఎందుకు?” రెండో ప్రశ్న చాలామంది పిల్లలు పైకి అడగరు: “నా వల్లేనా?”

ముందు నీటి సంగతి చూద్దాం. తొట్టిలో ఇంకా చేపలుంటే వాటికి వ్యవధి తక్కువ.

చనిపోయిన చేపను వెంటనే వలతో తీసేయండి. అది కుళ్ళితే అమ్మోనియా పెరిగి మిగతావాటికి ముప్పు. చేతికి కోతలు, గాయాలుంటే గ్లవ్స్ తప్పనిసరి. చేపల తొట్టి నీటిలోని కొన్ని బ్యాక్టీరియా గాయాల్లోంచి మనకూ సోకగలవు. తర్వాత శుభ్రమైన సీసాలో ఆ తొట్టి నీరు కాస్త పట్టి పక్కన పెట్టండి. కంగారులో చాలామంది ఈ పని మరిచిపోయి నీళ్ళన్నీ మార్చేస్తారు. దాంతో కారణం తెలుసుకునే ఆధారం పోతుంది. పైగా ఉప్పు, వేడి ఒక్కసారిగా మారి బతికున్న చేపలకు ఇంకో దెబ్బ. సీసాలోని నీటిని టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. ఉప్పు కొలిచే సాధనంలో 1.025 దగ్గర, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఏదైనా తేడాగా ఉంటే పావు వంతు నీరు మాత్రమే మార్చి, గాలి పంపు ఆగకుండా నడపండి. కారణం తెలియకుండా షాపులో ఇచ్చిన మందు పోయకండి. రాగి కలిసిన మందులు రొయ్యల్ని, నత్తల్ని, పగడాల్ని చంపేస్తాయి.

ఉప్పునీటి తొట్టిలో ఇంత హఠాత్తుగా ఎందుకు జరుగుతుంది? మంచినీటి కంటే ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం, తలుపులు మూసిన ఫ్లాటు, రెండు గంటల కరెంటు కోత – ఆ రోజు ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా ఉండని విషయం చేపకు ప్రాణాంతకం కావచ్చు. వేసవిలో నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంత మేర మంచినీళ్ళు పోయాల్సింది పోయి మళ్ళీ ఉప్పునీరే పోస్తే ఉప్పు రోజురోజుకూ ఎక్కువవుతుంది. దోమల స్ప్రేలలో ఉండే పైరెథ్రాయిడ్లు మనకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. గదిలో కొట్టిన మందును గాలి పంపు నేరుగా తొట్టిలోకి లాగుతుంది. ఇక వెల్వెట్ అనే పరాన్నజీవి ఉంది. అది ముందు మొప్పల మీద పడుతుంది కాబట్టి ఒంటి మీద పొడిలాంటి మచ్చలు కనబడకముందే చేప పోవచ్చు.

కొన్నిసార్లు తప్పు మన ఇంట్లో జరిగి ఉండదు. క్లౌన్ ఫిష్‌ను హేచరీల్లో పెంచుతున్నారు గానీ చాలా రకాల సముద్రపు చేపలు ఇప్పటికీ పగడపు దిబ్బల దగ్గర పట్టినవే. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల వాటిని సైనైడ్‌తో మత్తెక్కించి పడతారు. అలాంటి చేప పైకి ఆరోగ్యంగా కనిపించి, కొన్నాళ్ళకు చనిపోవచ్చు.

అన్నీ చూశాక కూడా కిట్‌లో అంకెలన్నీ సరిగ్గానే ఉండొచ్చు. మొప్పల్ని మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప తేలని కారణాలుంటాయి. గోరువెచ్చని నీటిలో రాత్రంతా ఉన్న చేపలో ఆ ఆధారమూ చెడిపోతుంది. అప్పుడు పిల్లలకు చెప్పాల్సిన మాట “మాకూ తెలియలేదు నాన్నా” అనే. మనం అనడానికి తటపటాయిస్తాం గానీ, ఆ జాగాలో ఏదో కారణం అల్లి చెబితే పిల్లలు దాన్ని తమ మీదికి లాక్కుంటారు. ‘నిన్న అద్దం మీద కొట్టాను’, ‘తమ్ముడి చేప చావాలని అనుకున్నాను’ – లోపల ఇలాంటివి ఉంటాయి. అందుకే మీరు చెప్పేముందు “ఎందుకు చనిపోయిందని నీకనిపిస్తోంది?” అని అడగండి.

“నిద్రపోయింది” అనకండి. చిన్నపిల్లలు ఆ రాత్రి పడుకోవడానికే భయపడొచ్చు. “చనిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, దానికి నొప్పి తెలియదు, మళ్ళీ లేవదు” అని సూటిగా చెప్పండి. ఎల్‌కేజీ, యూకేజీ వయసు పిల్లలు రేపు మళ్ళీ “ఎప్పుడొస్తుంది?” అని అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు అదే మాటల్లో చెప్పండి.

నిజంగానే పాప మేత డబ్బా ఒంపేసిందనుకోండి. “చెప్పానా నీకు!” అనే మాట నోటిదాకా వస్తుంది. మేత ఎక్కువైతే నీరు పాడవుతుందని వివరించండి, అబద్ధం అక్కర్లేదు. కానీ తొట్టి చూసుకునే బాధ్యత పెద్దవాళ్ళదేనని కూడా ఆమెకు చెప్పండి. అలాగే పంపు ఎవరు ఆపారని మీరిద్దరూ వాదించుకోవడం, పనిచేసే అమ్మాయి మీద నెట్టేయడం పిల్లలు వింటూనే ఉంటారు.

సాయంత్రం పాప స్కూలు నుంచి వచ్చేలోగా అలాంటి చేపనే తెచ్చి వదిలేద్దామనిపిస్తుంది. పిల్లలు చారల్ని మనకంటే బాగా గుర్తుపడతారు. తొట్టిలో జబ్బే ఉంటే కొత్త చేపా పోతుంది. కొన్ని పరాన్నజీవులు చేప లేకపోయినా వారాల తరబడి తొట్టిలో బతికుంటాయి. కొత్తది తెచ్చినా విడి తొట్టిలో కనీసం నెల రోజులు ఉంచి చూడాలి.

చిన్న చేపను పూలకుండీ మట్టిలో పూడ్చవచ్చు. గొయ్యి పాపనే తవ్వనివ్వండి, ఇష్టముంటేనే. ఆ రోజు బడికి పంపేటప్పుడు డైరీలో క్లాస్ టీచర్‌కు ఒక వాక్యం రాయండి: “మా ఇంట్లో చేప చనిపోయింది, పాప దిగులుగా ఉంది.” ఆమె పరధ్యానంగా కూర్చున్నా, హోంవర్క్ మరిచిపోయినా కారణం మాకు తెలుస్తుంది.