చేతిలోని కంప్యూటరును మనకు తగినట్లు సరిచేసుకొనుట

కొంతకాలము క్రిందట మేము గృహదర్శనమునకు వెళ్లినప్పుడు మా సంఘములోని ఒక వృద్ధురాలు కన్నీళ్లతో ఎదురు వచ్చినది. కుమారుడు కువైట్‌లో పని చేస్తున్నాడు. "అయ్యగారూ, నాలుగు రోజులాయె, అబ్బాయి ఫోను లేదు. అక్కడ ఏమి జరిగిందో ఏమో! ఇందులో పాటలు వస్తున్నాయి, టార్చి వెలుగుతోంది, మోగడం మాత్రం లేదు. అంగడిలో చూపిస్తే కొత్తది కొనమన్నారు" అన్నది. చెవి కమ్మలు కుదువ పెట్టుటకు అప్పటికే మూట కట్టియున్నది.

మేము ఫోను తీసికొని చూచితిమి. తెర పైఅంచున చిన్న విమానము బొమ్మ ఉన్నది. అంతే! విమాన ప్రయాణములో సిగ్నలును ఆపివేయుటకు పెట్టిన ఆ మీట, ఆమె వేలు తగిలి పడిపోయినది. తెరను పైనుండి క్రిందికి లాగి ఆ బొమ్మను ఒకసారి తాకగానే, నిమిషములో కుమారుని సందేశములు వరుసగా వచ్చి పడినవి. "అమ్మా, ఎందుకు ఎత్తడం లేదు?" అని అన్నిటిలోను ఒకటే మాట.

మన దేశములో మొదటి మొబైలు ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. కలకత్తా నుండి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినారు. ఆనాటి ఫోను ప్రధానముగా మాటలకే. నేడు మన చేతిలో ఉన్నది ఫోను పేరు పెట్టుకొనిన కంప్యూటరు. దానిని మనకు తగినట్లు సరిచేసుకొనవలెను. తయారుచేసిన వారు మన కన్ను చూడలేదు, మన ఊరి టవరు చూడలేదు గదా!

సిగ్నలు సంగతి ముందు చూద్దాము. విమానము బొమ్మ లేకపోయినా ఇంటర్నెట్టు రాకుంటే, మొబైల్ డేటా మీట వేసి ఉన్నదో లేదో చూడండి. రెండు సిమ్ములున్న ఫోనులో, రీచార్జి చేసిన సిమ్ము ఒకటి, డేటాకు ఎంచుకొనినది మరొకటి అగుట మేము ఎన్నో ఇండ్లలో చూచితిమి. సెట్టింగ్స్‌లో సిమ్ము పేరు మీద నొక్కితే నెట్‌వర్క్ రకము కనబడుతుంది. మీ ఊరికి 5జీ అందీ అందకుండా ఉంటే ఫోను దానికోసము మాటిమాటికి వెదకుచు బ్యాటరీని తినివేయును; అక్కడ 4జీ ఎంచుకొనుట మేలు. అయితే 2జీ పెట్టకండి. జియో సిమ్ము అయితే అసలు సిగ్నలే రాదు, ఆ కంపెనీకి 2జీ లేదు. మీ ఫోను నుండి ఇతరులకు హాట్‌స్పాట్ ఇచ్చునప్పుడు పాస్‌వర్డ్ తప్పక పెట్టండి. లేకుంటే దారిన పోవువారు మీ డేటా వాడుకొందురు. వారు చేసిన పని మీ నంబరు మీదికి రావచ్చును.

ఇక తెర. ఆ తల్లికి ఫోనులో అక్షరములు చీమలవలె కనబడుచుండెను. అందువలననే ఆ విమానము బొమ్మ కూడ ఆమె కంట పడలేదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో ఫాంట్ సైజు. అక్కడ ఒక గీత మీద చుక్కను కుడికి జరిపితే అక్షరము పెరుగును. ఒక్కసారే చివరికి జరపవద్దు, కొన్ని యాప్‌లలో మీటలు తెర దాటిపోవును. ఒక్కొక్క మెట్టు జరిపి చూచుకొనండి. తెర ఆరిపోవు సమయమును కూడ అక్కడే మార్చవచ్చును. ముప్పది సెకన్లకే ఆరిపోతే పెద్దవారు ఒక వాక్యమైనా ముగించలేరు. రెండు నిమిషములు పెట్టితిమి. వెలుతురును ఫోనే ఎండను బట్టి, చీకటిని బట్టి సవరించుకొను వీలున్నది. పొలములో పనిచేయువారికి అది ఎంతో ఉపయోగము. నల్లని తెర పెట్టుకొంటే బ్యాటరీ మిగులునని పిల్లలు చెప్పుదురు. ఓఎల్ఈడీ తెరలకు అది నిజమే, ఆ తెరలో నల్లని చోట దీపమే వెలుగదు. ఎల్‌సీడీ తెర అయితే వెనుక దీపము వెలుగుచునే ఉండును, లాభము అంతగా లేదు. భాషను తెలుగుకు మార్చుకొనుట మరచిపోకండి.

ఒక్క మాట మాత్రము గట్టిగా చెప్పుచున్నాము. పైన చెప్పిన వాటిలో దేనికీ ఓటీపీ అక్కరలేదు, బ్యాంకు పిన్ను అక్కరలేదు. సరిచేసి పెట్టెదనని వచ్చి అవి అడిగినవాడు ఎంతటి పరిచయస్థుడైనా సరే, ఫోను వెనుకకు తీసికొనండి.

ఆ రోజు మేము బయలుదేరు లోపల, ఏడవ తరగతి చదువుచున్న మనుమరాలు తన నోటుపుస్తకములో విమానము బొమ్మ గీసి, దాని మీద ఎఱ్ఱ పెన్సిలుతో కొట్టివేత గీత పెట్టి, ఆ కాగితమును గోడకు అంటించినది. కమ్మలు ఆమె చెవులకే ఉన్నవి. ఇప్పుడు ఆ వీధిలో ఎవరి ఫోను మోగకపోయినా ముందుగా ఆమె యొద్దకే తెచ్చుచున్నారట.