గోడమీది రాత

కన్నులున్నవి గనుక చూచుట వచ్చుననుకొనుట పలువురకు గల భ్రమ. మేమును ఆ భ్రమలోనివారమే యని రాయగడలో తెలిసికొంటిమి.

స్టేషనునకు సమీపమున నొక భోజనశాలలో ఎఱ్ఱని గోడనిండ తెల్లరంగుతో వ్రాసిన చిన్న చిన్న మనుష్యులు, ఏనుగులు, గుఱ్ఱములు కన్పట్టినవి. వార్లీ బొమ్మలని తేల్చివేసి మేము ఇడ్డెన్లపై దృష్టి నిలిపితిమి. వెంటనున్న మిత్రుడు నవ్వి, ఇవి మహారాష్ట్రమునుండి వచ్చినవి కావు, ఈ జిల్లాలోనే గుణుపూరు కొండలలో నివసించు సవరలవి యని చెప్పి, మరల చూడుడనెను. చూచితిమి. వార్లీ బొమ్మలో దేహమనగా మొనలు కలిసిన రెండు త్రికోణములు, నడుము సన్నము, ఆడ మగ భేదము స్పష్టము. సవర బొమ్మలో మేను సాగియుండును, మొనలంత వాడిగా నుండవు, స్త్రీ యెవరో పురుషుడెవరో చప్పున తెలియదు. ఇంతమాత్రము గుర్తించుటకు మాకు అరగంట పట్టెను. ఇడ్డెన్లు చల్లారినవి.

ఈ గోడచిత్రమును సవరలు ఇడితాల్ అందురు. గోడమీది రాత యని యర్థము. తెలుగువానికి ఈ మాటలో పరాయితనము తోపనక్కఱలేదు; మన పెద్దలును బొమ్మ వ్రాసిరనియే చెప్పెడివారు గదా! సవరభాషను శ్రద్ధగా నేర్చి, వ్యాకరణ నిఘంటువులు సమకూర్చినవారు పర్లాకిమిడిలోనుండిన మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వారి సవరభాషా గ్రంథము 1931 లో వెలువడెను. (వ్యావహారికమునకై పోరాడిన మహనీయుని గ్రాంథికమున స్మరించుచున్నాము, క్షంతవ్యులము.) నాడు రాయగడ, గుణుపూరులు మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణము జిల్లాలోనివి. 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా కోరాపుట్ జిల్లాలో చేరినవి. 1992 లో రాయగడ ప్రత్యేక జిల్లా యయ్యెను. వెరియర్ ఎల్విన్‌గారు మధ్యభారత గిరిజన కళలపై 1951 లో ప్రకటించిన గ్రంథమున ఈ బొమ్మలను గూర్చి విపులముగా వ్రాసిరి. ఇన్ని యేండ్లును మేము మాత్రము వార్లీ యనుకొనుచుంటిమి.

మరునాడు పుట్టాసింగి వైపు నొక పల్లెకు పోయితిమి. ఇంటి యజమాని లోనికి పిలిచెను. వాకిలి తప్ప వెలుతురునకు వేరు దారి లేదు. మొదట మాకేమియు కానరాలేదు. చేతి ఫోను దీపము వెలిగింపబోగా మిత్రుడు చేయిపట్టి యాపెను. కొంతసేపటికి ఎఱ్ఱమట్టి యలికిన గోడపై బియ్యపుపిండి గీతలు ఒకటొకటిగా పైకి తేలినవి. ముందు చుట్టును గీసిన చట్రము. లోపల విల్లు పట్టినవారు, గొడుగు క్రింద గుఱ్ఱమెక్కినవారు, చెట్టుపై కోతులు, సూర్యచంద్రులు. ఒక మూల సైకిలు.

చట్రమును అలంకారమనుకొంటిమి. కాదట, అది ఇల్లట. ఇంట జబ్బుచేసినను, కాన్పు కష్టమైనను, పైరు నిలువకున్నను, గతించిన బంధువో దేవతయో తనకు చోటు కోరుచున్నట్లు పూజారి గాని పూజారిణి గాని తెలిసికొని చెప్పుదురు. అప్పుడు నమిలిన పుల్లకొనయే కుంచెగా గోడమీద ఆ ఇల్లు కట్టుదురు. ముందు గోడలవలె చట్రము, పిమ్మట లోపలి కాపురము. పూర్తియైన పిదప ఆత్మను పిలువగా, అది పూనకములో వచ్చి చూచి, ఇది లేదు, అది చాలదని చెప్పుటయు కలదు. చెప్పినది చేర్చవలెను. విమర్శకుని మాటకింత విలువ మేము పట్టణములలో నెచటను చూడలేదు.

అంతయు విని కూడ మేమడిగిన ప్రశ్న తలచుకొన్న నిప్పటికిని సిగ్గగుచున్నది. ఇందులో మీకు మిక్కిలి నచ్చినదేది యంటిమి. యజమాని కొంత తడబడి, తెలుగులోనే, "మా నాయనకు వ్రాయించినామయ్యా. గుఱ్ఱము లేదన్నాడు. గుఱ్ఱము పెట్టినాము. పిల్లకు జ్వరము దిగినది" అనెను.

ఆ గుఱ్ఱమును మరల చూచితిమి. తక్కిన వరుసలతో పొసగక, చట్రపు టంచున నిరుకుగా, తలవంచి నిలిచియుండెను. మొదట మేము దానిని చేయి తప్పిన గీతగా లెక్కించి, చూపు దాటించితిమి. గోడనంతటిని కొంత మెచ్చుకొని, ఆ మూల మాత్రము చెడెననుకొంటిమి.

2024 లో లాంజియా సౌరా చిత్రకళ యను పేర దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుడ్డలమీదను కాగితములమీదను వ్రాసి అమ్ముచున్నారు. పనివాని చేతికి నాలుగు రూకలు వచ్చుచుండగా కూడదనుటకు మేమెవరము? మేమును ఒకటి కొంటిమి. దానిలో గుఱ్ఱములన్నియు సమానమైన యెడముతో, చక్కని వరుసలో నడచుచున్నవి. ఇరుకున నిలిచినది ఒక్కటియు లేదు.

సెలవు తీసికొనునప్పుడు, ఇంటి ప్రక్కనే లేచుచున్న సిమెంటుగది కంటబడెను. ఆ గదిలోనికి పోయిన పిదప ఈ బొమ్మ సంగతి యేమని యడిగితిమి. యజమాని వాకిట నిలిచి కొంతసేపు లోనికి చూచి, "మట్టిగోడ నిలిచినన్నాళ్లు మా నాయన ఉంటాడు" అనెను.